ఉతకవద్దన్న కోటు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీర మార్చుకుని, ఏలూరులోని మా ఇంటి వసారాలో గాలికి కూర్చున్నానో లేదో, మా పెద్దమ్మాయి కూతురు సెల్‌ఫోను పట్టుకుని వచ్చి పక్కన చేరింది. మనవరాలు పక్కన చేరితే ప్రేమకొద్దీ చేరిందనుకునే రకాన్ని కాదు నేను. దాని వెనక ఏదో పని ఉండి తీరాలి, ఉంది కూడా. డిగ్రీ చదువుతున్న ఈ పిల్లకు ఏడాదిగా ఒక కొత్త పిచ్చి పట్టింది. సెలవు దొరికితే చాలు, తనలాంటి నలుగురితో కలిసి పక్షుల్ని చూడటానికి కొల్లేటి గట్ల మీదికి పోతుంది. అది చాలక అడవుల్లో మకాం వేసి, ఎండుపుల్లలతో నిప్పు రాజేయడం, కొమ్మలూ ఆకులూ కప్పి గూడు కట్టుకోవడం, వాగునీళ్లు వడగట్టి కాచుకుని తాగడం నేర్పే శిబిరాలకు వెళుతుంది. మా తాతలు గతిలేక చేసిన పనులన్నీ ఇప్పుడు సర్టిఫికెట్ ఇచ్చి మరీ నేర్పుతున్నారంటే, నాకు ఆ నేర్పేవాళ్ల మీద అనుమానమే గానీ గౌరవం కలగలేదు.

ఆ శిబిరాలకు వేసుకెళ్లడానికి ఒక కోటు కావాలట. ఫోనులో నాలుగు చూపించి, ఏది బాగుందో చెప్పమంది. ప్లాస్టిక్ వానకోటు కాదట, నూలుగుడ్డకు మైనం పట్టించి కుట్టినదట. ప్లాస్టిక్‌ది కదిలితే గరగరలాడి పిట్టలు లేచిపోతాయట, నిప్పు దగ్గర కూర్చుంటే రవ్వ పడి చిల్లు పడుతుందట, ముళ్లకంపకు తగిలితే చిరుగుతుందట. మైనపుగుడ్డకు ఆ బాధలు తక్కువట. ఇవేవీ నాకు తెలియనివి కావు, కానీ తెలుసునని చెప్పలేదు. కళ్లజోడు పెట్టుకుని నాలుగింటినీ పెద్దవి చేయించి చూశాను. మొదటిదానికి సరిగ్గా భుజం మీదే కుట్టు ఉంది, వద్దన్నాను. వాన ముందు దిగేది అక్కడే. రెండోది నడుము దాకానే ఉంది. పడవలో కూర్చుంటే ఒళ్లో నీళ్లు నిలుస్తాయి కనుక మోకాళ్ల దాకా ఉండాలన్నాను. మూడోదానికి జేబులకు మూతలు లేవు. నాలుగోది ఒక్కటే పనికొస్తుందనీ, అదీ ఒక సైజు ఎక్కువ తీసుకోమనీ, చంకల్లో గాలి ఆడకపోతే మన ఎండలకు మైనం ఒంటికి అంటుకుంటుందనీ చెప్పాను. "నీకివన్నీ ఎలా తెలుసు అమ్మమ్మా?" అని ఆ పిల్ల నా వంక అనుమానంగా చూసింది. ఆ చూపు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, నా నుంచే వచ్చింది.

నేను జవాబు చెప్పేలోపు అది కింద చిన్న అక్షరాల్లో ఉన్న జాగ్రత్తలు పైకి చదవడం మొదలుపెట్టింది. ఉతకకూడదు. సబ్బు తగలకూడదు. వేడినీళ్లు అసలే కూడదు. ఇస్త్రీ చేయకూడదు. మురికైతే తడిగుడ్డతో తుడవాలి. వింటూ వింటూ నేను లేచి లోపలికి వెళ్లిపోయాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అయింది నా పని. ఎందుకంటే ఆ మాటలన్నీ నలభై అయిదేళ్ల కిందట, దాదాపు ఆ వరసలోనే, ఒక మనిషి నాకు ఎదురుగా నిలబడి చెప్పారు. ఆయన మా నాన్నకు తమ్ముడు, నాకు చిన్నాన్న.

ముందు నా సంగతి చెప్పాలి. అనుమానం పెనుభూతం అంటారు గానీ, నాకు అది ఇంట్లో మనిషిలాంటిది. పాలవాడి పాలు వేలిమీద జార్చి చూస్తాను, బస్సు బోర్డు చదివినా కండక్టర్ని మళ్లీ అడుగుతాను, ఆయన చెప్పినా పక్కనున్న ఆవిడను అడుగుతాను. మా వారు పోయే ముందు రోజు కూడా మందు వేసుకున్నారో లేదోనని ఖాళీ కాగితం చూపించమన్నాను. దీనికి తోడు నేను చదివింది నర్సు చదువు. మిషను ఆసుపత్రిలో మాకు నేర్పిన మొదటి పాఠం, కంటికి శుభ్రంగా కనిపించేదేదీ శుభ్రం కాదని. సూదులు ఉడకబెట్టాలి, గుడ్డలు ఉడకబెట్టాలి, కత్తెర ఉడకబెట్టాలి. మన ఈడు నర్సులు ఎవరైనా ఇది చదువుతుంటే తల ఊపుతూ ఉంటారు. మన ఇళ్లలో ఉడకని వస్తువంటూ ఉండేది కాదు.

నేను ఆ చదువులో ఉండగానే మా నాన్న పోయారు. ఆయన తాడేపల్లిగూడెంలో బడిపంతులు. ఆయన తరవాత మమ్మల్ని కనిపెట్టుకుని ఉన్నది చిన్నాన్నే. ఉల్లిపాయల మార్కెట్టు ఎదురుసందులో ఆయనకు కుట్టుదుకాణం ఉండేది. అందరు దర్జీల్లా ఆయన చొక్కాలూ లంగాలూ కుట్టేవారు కాదు. లారీల మీద కప్పే పట్టాలు, బళ్ల గూళ్ల మీది గుడ్డలు, పడవవాళ్లకు వానకోట్లు కుట్టేవారు. యుద్ధకాలంలో గూడెం పక్కన విమానాలకు రన్‌వే వేసినప్పుడు మా తాత అక్కడ గుడారాలు బాగుచేసే పనిలో ఉండేవారట, గుడ్డకు మైనం పట్టించే విద్య ఆయన అక్కడ పట్టి కొడుక్కి ఇచ్చారు. తేనెమైనం, అవిసెనూనె కలిపి సన్నటి సెగ మీద కాచి, మందపాటి నూలుగుడ్డకు వేడివేడిగా రాసి, ఎండలో పరిచి, అరచేత్తో రుద్ది రుద్ది లోపలికి ఎక్కించేవారు. చిన్నాన్న అరచేతులు ఎప్పుడూ నున్నగా, పచ్చగా ఉండేవి. కొల్లేటి లంకల నుంచి, ఆకివీడు వైపు నుంచి కూడా పడవవాళ్లు ఆయన కోట్ల కోసం వచ్చేవారు. గుడ్డ సంగతి ఎవరైనా అడిగితే ఆయన నోటితో చెప్పేవారు కాదు. ఒక ముక్కను సంచిలా మడిచి, అందులో చెంబుడు నీళ్లు పోసి, దూలానికున్న కొక్కేనికి తగిలించి, "టీ తాగి రండి బాబూ" అనేవారు. వాళ్లు వచ్చి కింద నేల తడిమి చూసుకునేవారు. నేల పొడిగా ఉండేది.

నాకు ఉద్యోగం వచ్చింది కొల్లేటి అంచున ఒక ఆరోగ్య కేంద్రంలో. వారానికి మూడు రోజులు పడవెక్కి లంకగ్రామాలు తిరిగి, పిల్లలకు సూదులు వేసి, గర్భిణుల్ని చూసి, అందరి పేర్లూ రిజిస్టర్లలో రాసుకుని రావాలి. ఆ వార్త చెప్పగానే చిన్నాన్న సంబరపడి నాకొక కోటు కుట్టారు. భుజాల మీద కుట్టు పడకుండా రెండో పొర వేసి, రిజిస్టర్లు పట్టేంత లోపలి జేబు పెట్టి, మోకాళ్ల దాకా కుట్టారు. ఆకుపచ్చా గోధుమరంగూ కాని ఒక రంగు దానిది. అదే ఏడు క్రిస్మస్ వెళ్లాక నా పెళ్లని అప్పటికే ఖాయమయింది, తండ్రి లేని పిల్లను చర్చిలోకి చెయ్యి పట్టుకుని నడిపించేది చిన్నాన్నేనని మా అమ్మ, ఆయనా, పాస్టరుగారూ అందరూ అనుకుని ఉన్నారు. నాకూ అంతకంటే సంతోషం లేదు. మా నాన్న నడకా ఆయన నడకా ఒకటే.

కోటు నా చేతికిస్తూ ఆయన చెప్పిన మాటలు ఇవి. "దీన్ని ఉతక్కు తల్లీ. సబ్బు తగలనీకు. వేణ్ణీళ్లలో అసలే పెట్టకు. మురికైతే తడిగుడ్డతో తుడిచి నీడనారేసుకో, చాలు. ఏడాదికోసారి పట్టుకొచ్చావంటే మళ్లీ మైనం పట్టించేత్తాను."

ఇంకెవరైనా అయితే సరేననేవారు. నాకు మాత్రం ఆ మాటతోనే అనుమానం మొదలయింది. ఉతకవద్దని ఎవరు చెబుతారు? రంగు దిగే చీర అమ్మేవాడు చెబుతాడు, ముడుచుకుపోయే చొక్కా కుట్టినవాడు చెబుతాడు. పైగా కోటు ఒక రకమైన వాసన వేసేది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొవ్వొత్తి వాసన అనిపించింది, అనిపించగానే చర్చిలో క్రిస్మస్‌కు వెలిగించి మిగిలిన కొవ్వొత్తి ముక్కలు ఏమవుతున్నాయన్న ప్రశ్న వచ్చింది. కొక్కేనికి తగిలించి చూపించిన గుడ్డా, నా కోటు గుడ్డా ఒకటేనా అన్న ప్రశ్న కూడా వచ్చింది. సొంత తండ్రి తమ్ముడి మీద ఇలాంటి ఆలోచనలు రావచ్చునా అంటే, వచ్చాయి మరి, దాచి ఏం లాభం. వీటన్నిటికీ పైన, ఎవరెవరో తొక్కిన నేల మీద పరిచి, చేతులతో రుద్దిన గుడ్డను ఉడకబెట్టకుండా వేసుకుని, పసిపిల్లల్ని ముట్టుకోవడానికి నా చదువు ఒప్పుకోలేదు.

ఉద్యోగంలో చేరిన మొదటి ఆదివారమే పెద్ద డేగిసా పొయ్యి మీద పెట్టి, వాషింగ్ సోడా వేసి, కోటును అందులో ముంచి గంటసేపు ఉడకబెట్టాను. కర్రతో తిప్పుతుంటే నీళ్లు పచ్చబడ్డాయి. దించి చల్లారాక చూస్తే పాలమీద మీగడ కట్టినట్టు పైన పచ్చటి పొర కట్టింది. చూశావా, ఏదో పూసి అంటగట్టాడు అనుకున్నాను. ఆ పొర తీసి పారేశాను, మళ్లీ సబ్బు పెట్టి రుద్దాను, ఎండలో ఆరేశాను, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో మడతలు పోయేలా ఇస్త్రీ చేశాను. కోటు మెత్తగా, తేలిగ్గా, ఏ వాసనా లేకుండా తయారయింది. నా పనికి నేనే మెచ్చుకున్నాను.

ఆగస్టులో ఒకరోజు మూడు లంకలు తిరిగి వస్తుంటే, కొల్లేటి నడిమధ్యలో వాన పట్టుకుంది. ఆ నీటి మీద వాన ఎలా ఉంటుందో ఎరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు, పైనా కిందా ఒకటే అయిపోతుంది. పడవ నడిపే పెద్దాయన నెత్తిన తాటాకు గిడుగు వేసుకుని నిమ్మళంగా గెడ వేస్తున్నాడు. నేను కోటు బొత్తాలు మెడదాకా పెట్టుకుని, లోపలి జేబులో రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయన్న ధీమాతో కూర్చున్నాను. పావుగంట గడిచేసరికి వీపు మీద చల్లగా దిగింది. అరగంటకు కోటు నా బరువంత అయింది. పెద్దాయన వెనక్కి తిరిగి చూసి, "మీ కోటు నీళ్లాపట్లేదండీ నర్సమ్మగారూ, తాగేత్తందండీ" అన్నాడు. ఒడ్డుకు చేరాక రిజిస్టర్లు తీసి చూస్తే మూడు లంకల పిల్లల పేర్లూ, వాళ్లకు వేసిన సూదుల వివరాలూ కలిసి నీలంరంగు మరకలయ్యాయి. కోటును విప్పి పడవలోనే పారేశాను. పెద్దాయన దాన్ని చింపి పడవ చీలికల్లో కుక్కుకున్నాడని తరవాత తెలిసింది. నాకు పది రోజులు జ్వరం. తగ్గాక ఆ మూడు లంకలూ మళ్లీ తిరిగి ప్రతి పేరూ తిరిగి రాశాను, డాక్టరుగారి చేత చీవాట్లు తిన్నాను.

ఆ కోపం చల్లారకముందే గూడెం వెళ్లి, ఇంటికి కూడా పోకుండా నేరుగా దుకాణానికి వెళ్లాను. లోపల నలుగురు లారీవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందే, తడిసిన రిజిస్టర్లు బల్లమీద పడేసి, సొంత పిల్లకే ఇలాంటి గుడ్డ కుట్టిచ్చినవాళ్లు ఊళ్లోవాళ్లకు ఎలాంటిది కుడుతున్నారో అన్నాను. కొవ్వొత్తుల మాట కూడా అన్నాను. మెత్తగా మాట్లాడే గోదావరి మనుషులం మేము, మా ఇళ్లలో పెద్దవాళ్ల ముందు గొంతు పెంచిన ఆడపిల్ల అప్పటిదాకా లేదు. చిన్నాన్న మిషను ఆపి లేచి నిలబడ్డారు. కోటు తెచ్చావా అని అడిగారు, పారేశానన్నాను. ఆయన ఆ రిజిస్టర్ల వైపు చూసి, "ఉతికావా తల్లీ?" అన్నారు.

"లేదు చిన్నాన్నా" అన్నాను.

ఎందుకలా అన్నానో ఇన్నేళ్లలో ఎన్నోసార్లు ఆలోచించాను. ఆయన అడిగిన ఆ క్షణంలో, డేగిసాలో తేలిన పచ్చటి పొర నా కళ్లముందు కదిలింది, సగం అర్థమయింది కూడా. కానీ నలుగురి ముందు అన్ని మాటలు అన్నాక, అవునంటే నా పరువేం కావాలి? ఆయన "అయితే తప్పు నాదేనమ్మా" అని మాత్రం అని, ఆ లారీవాళ్లను మర్నాడు రమ్మని పంపేశారు.

ఆ తరవాత నేను ఆయన్ను తప్పించుకు తిరిగాను. చర్చిలోకి నడిచేటప్పుడు చెయ్యి పట్టుకుని మళ్లీ ఆ మాట అడుగుతారేమోనని నా భయం. అందుకని మా అమ్మతో పోట్లాడి, పెళ్లిరోజున మా మావయ్య చెయ్యి పట్టుకుని నడిచాను. చిన్నాన్న వచ్చారు. కొత్తపంచె కట్టుకుని ఆఖరి బెంచీలో కూర్చున్నారు. నేను పక్కనుంచి వెళుతుంటే అందరితోపాటు లేచి నిలబడ్డారు. ఆయన తరవాత వానకోట్లు కుట్టడం మానేశారనీ, పడవవాళ్లు వస్తే వెనక్కి పంపేస్తున్నారనీ, బడిపిల్లల యూనిఫారాలు కుట్టుకుంటున్నారనీ అమ్మ చెప్పేది. నేను విననట్టు ఊరుకునేదాన్ని. ఉతికితే పాడయ్యే గుడ్డ అసలు గుడ్డేనా, ఉడికించినా ఆగాలి గానీ అని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని. పన్నెండేళ్ల కిందట ఆయన పోయినప్పుడు కూడా ఆ సమాధానాన్నే పట్టుకుని సమాధి దగ్గర నిలబడ్డాను. మొన్న మనవరాలు చదివిన చిన్న అక్షరాలు దాన్ని కూడా లాగేసుకున్నాయి.

బుధవారం పొద్దున్నే పాసింజరెక్కి గూడెం వెళ్లాను. భీమడోలు దాటేదాకా, ఈ వయసులో చెప్పి ఎవర్ని ఉద్ధరించాలి అనుకుంటూనే ఉన్నాను. చిన్నమ్మకు తొంభై దగ్గరపడ్డాయి, కళ్లు కాస్త మసకబారాయి గానీ మనిషి గట్టిగానే ఉంది. దుకాణం ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. ఇంటి వెనక వసారాలో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. తల ఎత్తి చూస్తే దూలానికి వరసగా ఆరేడు కొక్కేలు ఉన్నాయి. దుకాణంలో కొక్కెం ఉండటం ఎరుగుదును గానీ ఇంట్లో ఇన్నెందుకని, పాత అలవాటు కొద్దీ ఆరా తీశాను.

"మీ చిన్నాన్నగారివేనమ్మా" అంది చిన్నమ్మ. "కోట్లు మానేశాక కూడా ఏటా తొలకరికి మైనం రెండు మూడు రకాలుగా కాచి, సంచులు కుట్టి, నీళ్లు పోసి తగిలించేవారు. సాయంత్రం వచ్చి కింద నేల తడిమి చూసుకునేవారు. ఒక్కటీ కారేది కాదు. అదే ఆయన బాధ. కారితే తప్పెక్కడుందో తెలిసేది కదా, పిల్లది ఎందుకు తడిసిపోయిందో తెలిసేది కదా అనేవారు."

నా మీద ఆయనకు ఎన్నడూ అనుమానం రాలేదా అని అడిగాను. చిన్నమ్మకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "నీ మీద అనుమానమేంటమ్మా? ఉతికావా అని అడిగారంట, లేదన్నావంట. ఇంకేముంది?" అంది.

అప్పుడు చెప్పాను. డేగిసా, సోడా, పచ్చటి పొర, ఇస్త్రీ, దుకాణంలో ఆడిన అబద్ధం, మావయ్య చెయ్యి పట్టుకోవడానికి కారణం, అన్నీ వరసగా చెప్పాను. చెబుతూ ఏడ్చాను, నేను ఎవరి ముందూ ఏడ్చే మనిషిని కాదు. చిన్నమ్మ కొంగుతో గ్లాసు తుడుస్తూ కూర్చుంది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. చివరికి కొక్కేల వైపు మసక కళ్లతో చూసి, "అప్పుడే చెప్పుంటే ఇంకోటి కుట్టేవారు కదమ్మా" అంది. ఆ తరవాత భోజనం చేసి వెళ్లమని, కోడల్ని పిలిచి పప్పు పెట్టమంది.

మనవరాలి కోటు నిన్న వచ్చింది. నేను చెప్పిన నాలుగోదే, ఒక సైజు ఎక్కువ. అది తొడుక్కుని, నా సంగతి ఎరిగిన పిల్ల కనుక, నీళ్లు పోసి చూస్తావా అని నవ్వుతూ అడిగింది. అక్కర్లేదన్నాను. మెడ దగ్గర కుట్టిన చిన్న పట్టీ మీద ఉతకకూడదని అచ్చువేసి ఉంది. ఏ దేశంలో ఎవరు వేశారో తెలియదు, వాళ్ల ముఖం నేను చూడలేదు, అయినా ఆ మాట నమ్మాను. మన రోజుల్లో ఇలాంటి పట్టీలు ఉండేవి కావు. కుట్టిన మనిషే, మైనం అంటిన చేతులతో, ఎదురుగా నిలబడి చెప్పేవాడు. ఈ పిల్ల రేపు దీన్ని ఉడకబెట్టి పాడుచేసుకున్నా, ఉతికావా తల్లీ అని అడిగేవాళ్లు ఉండరు, ఉతికానండీ అని ఒప్పుకోవాలన్నా ఎక్కడికి పోవాలో తెలియదు. నాకు తెలిసేది. ఆయన ఉన్నన్నాళ్లూ, ముప్పై ఏళ్ల పైన, తెలుసు, రైలెక్కితే గంట దూరం.